కలలో కారు, గేటులో కారు: చిన్న ఎలక్ట్రిక్ కార్ల కొలతల కథ

ఇవాళ్టి ఎపిసోడ్ ఒక టేపుతో మొదలైతది. మేస్త్రీలు వాడే మామూలు స్టీలు టేపు.

మాది జ్యోతినగర్. రామగుండం ఎన్టీపీసీ అంటే మీకు తొందరగా అర్థమైతది. బాపు రిటైరైనంక క్వార్టర్ ఖాళీ చేసి, టౌన్‌షిప్ బయట 80 గజాల జాగాలో ఇల్లు కట్టుకున్నం. బాపుకు ఇప్పుడు మోకాళ్ల నొప్పులు. స్కూటర్ స్టాండు వేయడం కూడా కష్టమైతుంది. నెలకోసారి కరీంనగర్ దవాఖానకు పోవాలి, పోను రాను 120 కిలోమీటర్ల పైచిలుకు. అందుకే ఇంట్ల ఒక మాట వచ్చింది: చిన్న ఎలక్ట్రిక్ కారు కొందామా?

నేను టేపు తీసుకొని గేటు దగ్గరికి పోయిన. గేటు వెడల్పు ఆరడుగులు, అంటే 1829 మిల్లీమీటర్లు. గేటు నుంచి మెట్టు దాకా పదకొండడుగులు, అంటే 3353 మిల్లీమీటర్లు. అంతే మన జాగా. గల్లీలో పెడదామంటే ఆటో పోవడానికే ఒక పక్కకు జరగాలి.

ఈ రెండు సంఖ్యలు గుర్తుపెట్టుకోండి. 3353 పొడవు, 1829 వెడల్పు. ఇవాళ చెప్పే ప్రతి కారునూ ఈ గేటులోంచి తోలి చూద్దాం.

ముందు ఒక చిన్న విషయం. కాన్సెప్ట్ కారు అంటే ఏంది? ఆటో ఎక్స్‌పోలో, టోక్యోలో లైట్ల కింద తిరిగే స్టేజీ మీద పెట్టే కారు. అది అమ్మకానికి కాదు. "మేము ఇట్లాంటిది చేయాలనుకుంటున్నం" అని కంపెనీ చెప్పే మాట అది. ప్రొడక్షన్ కారు అంటే షోరూంలో డబ్బులు కట్టి మనం ఇంటికి తెచ్చుకునేది. ఈ రెండింటి మధ్య కొన్నేండ్లు పోతాయి. ఆ కాలంలో కారు పెరుగుతది, తగ్గుతది, కొన్నిసార్లు పుట్టకుండానే పోతది. ఎందుకు? ఎవరు కత్తిరిస్తరు, ఎవరు సాగదీస్తరు? అదే మన కథ.

మన దేశంలో ఈ కథ బెంగళూరులో మొదలైంది. 1994లో అక్కడి మైనీ గ్రూప్, అమెరికాలోని అమెరిగాన్ అనే కంపెనీ కలిసి ఒక ఎలక్ట్రిక్ కారు పని మొదలుపెట్టాయి. దాని వెనుక ఉన్న ఇంజనీర్ చేతన్ మైనీ. 2001లో కారు మార్కెట్‌లోకి వచ్చింది. పేరు రేవా.

రేవా పొడవు 2638 మిల్లీమీటర్లు. వెడల్పు 1324. పోల్చడానికి చెప్తా: మనందరి ఇండ్లల్లో ఎవరో ఒకరి దగ్గర ఉన్న మారుతి 800 పొడవు 3335. అంటే రేవా దానికంటే దాదాపు రెండుంపావు అడుగులు పొట్టిది. రెండే డోర్లు. ముందు ఇద్దరు పెద్దవాళ్లు, వెనుక ఇద్దరు పిల్లలు. మూడున్నర మీటర్ల రేడియస్‌లో తిరిగిపోతది. లెడ్ యాసిడ్ బ్యాటరీలు, మన ఇన్వర్టర్ బ్యాటరీ జాతే. ఫుల్ చార్జి చేస్తే 80 కిలోమీటర్ల దాకా అని కంపెనీ చెప్పేది.

మా గేటులో? హాయిగా పడుతది. ఇంకా రెండడుగుల పైన జాగా మిగులుతది, అమ్మ నీళ్ల డ్రమ్ము కూడా పెట్టుకోవచ్చు.

మరి అంత బాగుంటే ఎందుకు గెలవలేదు? ఇక్కడ కొంచెం నిదానంగా విందాం, ఎందుకంటే అసలు ముడి ఇక్కడే ఉంది.

రేవాను లండన్‌లో జీ-విజ్ అనే పేరుతో అమ్మారు. 2003 నుంచి లండన్ నడిమధ్యలోకి కారులో పోవాలంటే కంజెషన్ చార్జి కట్టాలి. అప్పట్లో ఎలక్ట్రిక్ బండ్లకు అది ఉండేది కాదు. దాంతో అక్కడ వెయ్యికి పైగా జీ-విజ్‌లు తిరిగాయి. కానీ యూరప్ చట్టం ప్రకారం అది కారు కాదు, క్వాడ్రిసైకిల్. అంటే నాలుగు చక్రాల తేలికపాటి బండి. కాబట్టి కారుకు చేసే క్రాష్ టెస్టు దానికి తప్పనిసరి కాదు. 2007లో బ్రిటన్‌లో ఒక మోటార్ పత్రిక ప్రైవేటుగా క్రాష్ టెస్టు చేయించింది. ఫలితం చూసి జనం భయపడ్డరు. తర్వాత కంపెనీ మార్పులు చేసింది, అయినా ఆ మచ్చ పోలేదు.

ఇప్పుడు ఆలోచించండి. కారు గుద్దుకున్నప్పుడు ముందు భాగం నలగాలి. అది నలిగితేనే మనం నలగం. నలగడానికి జాగా కావాలి. 2638లో మనుషులకు, బ్యాటరీకి పోను నలగడానికి ఎంత మిగులుతది? బానెట్ పొడవు అనేది షోకు కోసం మాత్రమే కాదు. అది మన మోకాళ్లకూ ఎదురుగా వచ్చే లారీకీ మధ్య ఉన్న దూరం.

2009లో ఫ్రాంక్‌ఫర్ట్ మోటార్ షోలో రేవా కంపెనీ రెండు కొత్త బండ్లు చూపించింది. ఒకటి ఎన్‌ఎక్స్‌ఆర్, నలుగురు కూర్చునే కుటుంబం కారు. ఇంకోటి ఎన్‌ఎక్స్‌జీ, ఇద్దరి కోసం స్పోర్ట్స్ కారు లాంటిది, దిలీప్ ఛాబ్రియా డిజైన్. ఫోటోలన్నీ ఎన్‌ఎక్స్‌జీకే పడ్డాయి. కానీ ఎన్‌ఎక్స్‌జీ ఎప్పటికీ రోడ్డు మీదకు రాలేదు. ఫోటోలు తక్కువ పడ్డ ఎన్‌ఎక్స్‌ఆర్ మాత్రం బతికింది.

2010లో మహీంద్రా ఆ కంపెనీలో మెజారిటీ వాటా కొన్నది. 2013 మార్చిలో ఎన్‌ఎక్స్‌ఆర్ కాస్తా మహీంద్రా ఈ2ఓ అయి ఢిల్లీలో విడుదలైంది. పొడవు 3280, వెడల్పు 1514. రేవా కంటే 642 మిల్లీమీటర్లు ఎక్కువ. లిథియం బ్యాటరీ, నలుగురు పెద్దవాళ్లకు సీట్లు, కానీ ఇంకా రెండే పక్క డోర్లు.

మా గేటులో? పడుతది. మూడు అంగుళాలు మిగులుతది. నిజం చెప్పాలంటే, మా ఇంటి కోసమే కొలిచి చేసినట్టు ఉన్న కారు అదొక్కటే.

అయితే మన దగ్గర కారు కొనేది ఒక్కడే అయినా, ఎక్కేది ఇల్లంతా. ముందు సీటు వంచి, నడుం వంచి అమ్మ వెనుక సీట్లోకి దూరాలంటే ఒప్పుకుంటదా? 2016లో మహీంద్రా నాలుగు డోర్ల ఈ2ఓ ప్లస్ తెచ్చింది. పొడవు 3590. ఇక్కడ ఒక చక్కని లెక్క ఉంది. పొడవు పెరిగింది 310 మిల్లీమీటర్లు. ముందు చక్రానికీ వెనుక చక్రానికీ మధ్య దూరాన్ని వీల్‌బేస్ అంటరు కదా, అది 1958 నుంచి 2258 అయింది, అంటే 300 పెరిగింది. పెరిగినదాంట్లో దాదాపు అంతా చక్రాల మధ్యనే పెరిగింది. అంటే ఆ అడుగు పొడవు మొత్తం వెనుక డోర్లకు, వెనుక కూర్చునేవాళ్ల మోకాళ్లకు పోయింది. ఆ మిల్లీమీటర్లు షోకు కోసం కాదు, అమ్మ కోసం, అమ్మమ్మ కోసం.

కానీ మా గేటులో? పట్టదు. తొమ్మిది అంగుళాలు బయటికే.

ఆ తర్వాత క్రాష్ టెస్టు రూల్స్ మన దేశంలోనూ గట్టిపడ్డాయి. 2017 అక్టోబర్ నుంచి కొత్త మోడళ్లకు, 2019 అక్టోబర్ నుంచి అన్ని కార్లకూ తప్పనిసరి. ఈ2ఓ ప్లస్ కథ కూడా ఆ 2019 ప్రాంతంలోనే ముగిసింది. బెంగళూరులో 2638తో మొదలైన వంశం అక్కడ ఆగిపోయింది.

ఇదే టైంలో టాటా ఇంకో దారిలో కల కన్నది. 2008 జనవరిలో ఢిల్లీలో నానో చూపించారు. పొడవు 3.1 మీటర్లు. మారుతి 800 కంటే బయట పొట్టి, లోపల విశాలం. 2011లో జెనీవాలో టాటా పిక్సెల్ అనే కాన్సెప్ట్ పెట్టింది. దాదాపు మూడు మీటర్ల పొడవులో నలుగురు పెద్దవాళ్లు, 2.6 మీటర్ల రేడియస్‌లో తిరగడం. రేవా కంటే చిన్న మలుపు! పిక్సెల్ మాత్రం డీజిల్ బండి. మరుసటి ఏడు 2012లో మెగాపిక్సెల్ వచ్చింది. అది బ్యాటరీతో నడుస్తూ, చార్జి చేసుకోవడానికి చిన్న పెట్రోల్ ఇంజన్ కూడా ఉన్న కాన్సెప్ట్. పొడవు మూడున్నర మీటర్లు. బ్యాటరీ వచ్చేసరికి ఒక్క ఏడులో అర మీటరు పెరిగింది. రెండూ అమ్మకానికి రాలేదు.

ఈ తేడాలు మన దగ్గరే అనుకోకండి. ప్రపంచంలో మూడు కార్లు చూపిస్తా, మూడింటిదీ మూడు తీర్ల కథ.

మొదటిది జర్మనీ. బీఎండబ్ల్యూ ఐ3. 2011లో చూపిన కాన్సెప్ట్ పొడవు 3845, వెడల్పు 2011 మిల్లీమీటర్లు. అవును, రెండు మీటర్ల పైన వెడల్పు! స్టేజీ మీద కారు నేలకు అతుక్కొని, విశాలంగా కనపడాలి కదా. 2013లో ప్రొడక్షన్ కారు వచ్చింది: పొడవు 3999, వెడల్పు 1775. పొడవు 154 పెరిగింది, వెడల్పు 236 తగ్గింది. స్టేజీకి వెడల్పు కావాలి. రోడ్డుకు, పార్కింగుకు వెడల్పు శత్రువు.

రెండోది ఫ్రాన్స్. సిట్రోయెన్ 2019లో అమీ వన్ అనే కాన్సెప్ట్ చూపింది. రెండున్నర మీటర్ల పొడవు, మీటరున్నర వెడల్పు, మీటరున్నర ఎత్తు. గుండ్రటి సంఖ్యలు చూశారా? అది డ్రాయింగ్ బోర్డు మీద పుట్టిన కారు. 2020లో వచ్చిన అసలు అమీ పొడవు 2.41 మీటర్లు, వెడల్పు 1.39. కల కంటే నిజం చిన్నదైంది. చవకగా, తేలికగా చేయాలంటే కోయాల్సిందే.

మూడోది జపాన్. నిస్సాన్ 2019లో టోక్యోలో ఐఎంకే అనే కాన్సెప్ట్ పెట్టింది. పొడవు 3434, వెడల్పు 1512. 2022లో దాని దారిలోనే నిస్సాన్ సకురా అనే ఎలక్ట్రిక్ కారు అమ్మకానికి వచ్చింది. పొడవు 3395, వెడల్పు 1475. ఎందుకు సరిగ్గా అంత తగ్గింది? జపాన్‌లో కేయీ కార్లని ఒక తరగతి ఉంది. పొడవు 3400, వెడల్పు 1480 దాటొద్దు. ఆ గీత లోపల ఉంటే పన్నులు తక్కువ. కాన్సెప్ట్ గీత దాటి నిలబడ్డది, అమ్మే కారు గీతకు అయిదు మిల్లీమీటర్ల లోపల ఆగింది. ఇక్కడ డిజైన్ చేసింది ఆర్టిస్ట్ కాదు, చట్టం.

చట్టం అనగానే మన దేశం దగ్గరికి మళ్లీ వద్దాం. 2006 బడ్జెట్‌లో చిన్న కారు అంటే ఏందో మన సర్కారు ఒక గీత గీసింది. పొడవు 4000 మిల్లీమీటర్లు దాటొద్దు, ఇంజన్ కూడా చిన్నది ఉండాలి. అట్లుంటే ఎక్సైజ్ సుంకం 24 నుంచి 16 శాతానికి తగ్గుతది. ఇంకేముంది, దేశంలో కార్ల డిక్కీలన్నీ కోతకు వచ్చాయి. స్విఫ్ట్ డిజైర్ 2012లో 4160 నుంచి 3995కు తగ్గింది. మీరు రోడ్డు మీద చూసే 'తోక కోసిన' కార్లన్నీ ఆ గీత పిల్లలే. 2025 సెప్టెంబర్ 22 నుంచి మారిన జీఎస్టీలో కూడా ఆ గీత బతికే ఉంది. చిన్న పెట్రోల్ కారుకు 18 శాతం, పెద్దదానికి 40.

కానీ ఎలక్ట్రిక్ కారుకు? 2019 ఆగస్టు 1 నుంచి అయిదు శాతం. రెండున్నర మీటర్లది అయినా అయిదే, అయిదు మీటర్లది అయినా అయిదే. గీత లేదు. ఇది కాలుష్యం తగ్గాలని మంచి మనసుతో పెట్టిన రూల్. కానీ చిన్నగా ఉండమని కంపెనీకి చెప్పేవాళ్లు ఎవరూ లేకుండా పోయారు. పొడవు పెంచితే పన్ను పెరగదు, అమ్మకం ధర మాత్రం పెంచుకోవచ్చు.

దాని ఫలితం మన హైదరాబాద్‌లోనే కనపడ్డది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ రేసు జరిగింది, దేశంలోనే మొదటిది. దానికి ఒక రోజు ముందు, ఫిబ్రవరి 10న, మహీంద్రా తన ఎలక్ట్రిక్ కాన్సెప్టులను హైదరాబాద్‌లో చూపించింది. అందులో ఒకటి బీఈ.05. పొడవు 4370, వెడల్పు 1900, ఎత్తు 1635. 2024 నవంబర్‌లో అది అమ్మకపు కారుగా వచ్చింది, ఇప్పుడు పేరు బీఈ 6. పొడవు 4371, వెడల్పు 1907, ఎత్తు 1627.

ఒక్క మిల్లీమీటర్! కాన్సెప్టుకూ ప్రొడక్షన్‌కూ పొడవులో తేడా ఒక్క మిల్లీమీటర్. ఇదొక పెద్ద మార్పు. పాత రోజుల్లో కాన్సెప్ట్ అంటే కల. ఇప్పుడు కాన్సెప్ట్ అంటే సినిమా ట్రైలర్. సినిమా షూటింగ్ అయిపోయినంకనే ట్రైలర్ వేస్తరు కదా, అట్లే కింది ప్లాట్‌ఫాం, బ్యాటరీ జాగా అన్నీ ముందే ఖాయం చేసి, తర్వాత స్టేజీ ఎక్కిస్తున్నరు.

కానీ నాకు ఇంకో సంగతి కొట్టొచ్చినట్టు కనపడ్డది. 2638 మిల్లీమీటర్ల రేవాను కొన్న కంపెనీ, 3280కి, 3590కి పోయి, చివరికి 4371 దగ్గర నిలబడ్డది. పెద్ద కారులో కలను యథాతథంగా నిజం చేయడం సులువు. అన్నిటికీ జాగా ఉంటది. చిన్న కారులో ప్రతి మిల్లీమీటరు కోసం కొట్లాడాలి, మళ్లీ లాభం కూడా తక్కువ.

మా గేటులో బీఈ 6? పొడవు సంగతి తర్వాత. వెడల్పు 1907, మా గేటు 1829. ముక్కు కూడా లోపలికి రాదు.

ఇప్పుడు బజార్లో మనకు ఏమున్నాయి? టాటా టియాగో ఈవీ, 2022లో వచ్చింది. పొడవు 3769, వెడల్పు 1677. ఇది ఎలక్ట్రిక్ కోసం పుట్టిన కారు కాదు, 2016 నాటి పెట్రోల్ టియాగో ఒంట్లోనే బ్యాటరీ పెట్టారు. మా గేటులో అటు మూడంగుళాలు, ఇటు మూడంగుళాలు సందుతో దూరుతది, అదీ అద్దాలు మడిస్తే. కానీ 16 అంగుళాలు గల్లీలోకి పొడుచుకు వస్తది.

2023లో ఎంజీ కామెట్ వచ్చింది. పొడవు 2974, వెడల్పు 1505. ఇండోనేషియాలో అమ్మే వూలింగ్ ఎయిర్ ఈవీకి ఇది మన దేశపు తమ్ముడు. ఈ2ఓ కంటే 306 మిల్లీమీటర్లు పొట్టి, అయినా వీల్‌బేస్ 2010, అంటే ఈ2ఓ కంటే 52 ఎక్కువ. ఎట్లా? చక్రాలను నాలుగు మూలలకు నెట్టి, బానెట్‌ను దాదాపు తీసేసి. అప్పట్లో పిక్సెల్ కన్న కలకు బజార్లో దొరికే దగ్గరి చుట్టం ఇదే. వెనుక సీట్లో మనుషులు కూర్చుంటే సామాన్లకు జాగా లేదు, డోర్లు రెండే. మా గేటులో మాత్రం పదిహేను అంగుళాలు మిగులుతది.

ఇంకొక లెక్క ఉంది, అది జ్యోతినగర్ వాళ్లకు మాత్రమే తట్టే లెక్క. మా ఇంటి డాబా ఎక్కితే ఎన్టీపీసీ చిమ్నీలు కనపడతాయి. 1983లో మొదటి యూనిట్ మొదలైంది, తర్వాత 2600 మెగావాట్ల దాకా పెరిగింది. సింగరేణి బొగ్గు సొంత రైలు పట్టాల మీద ప్లాంటులోకి వస్తది. ఇప్పుడు రిజర్వాయర్ నీళ్ల మీద 100 మెగావాట్ల సోలార్ పలకలు కూడా తేలుతున్నాయి, కానీ ఇక్కడ పుట్టే కరెంటు ఎక్కువ బొగ్గుదే. సుమారుగా ఒక యూనిట్ కరెంటుకు ముప్పావు కిలోకు అటుఇటుగా బొగ్గు కాలుతది.

కామెట్ బ్యాటరీ 17.3 యూనిట్లు. బీఈ 6 పెద్ద బ్యాటరీ 79 యూనిట్లు. కంపెనీలు చెప్పే రేంజ్ ప్రకారం లెక్కేస్తే కామెట్ యూనిట్‌కు 13 కిలోమీటర్లు పోతది, బీఈ 6 ఎనిమిదిన్నర పోతది. రోడ్డు మీద రెండూ తగ్గుతాయి, తేడా మాత్రం ఉంటది. పొగ గొట్టం కారుకు లేదు, నిజమే. కానీ ఆ గొట్టం మా ఊర్లో ఉంది. హైదరాబాద్‌లో కారు ఎంత పెద్దదైతే, ఇక్కడ అంత ఎక్కువ బొగ్గు తవ్వాలి. కారు కొలత అనేది కొనేవాడి సొంత విషయం ఒక్కటే కాదని నాకు అక్కడ అర్థమైంది.

ఇంతకీ మా ఇంట్ల ఏమైంది? బాపుకు ఇవన్నీ చెప్పిన. ఫోన్‌లో కామెట్ ఫోటో చూసి నవ్విండు. "గిది కారా, డబ్బానా? ఇన్నేండ్లు పని చేసి గిండ్ల దిగితే నలుగురు ఏమంటరు?" అన్నడు. నానోను మింగింది కూడా ఈ మాటే. చవక కారు అన్న పేరు పడ్డాక, కొనగలిగినవాళ్లు కూడా దూరం జరిగారు.

నాకు ఇంకో భయం ఉంది, అది పరువుది కాదు. రాజీవ్ రహదారి మీద మన పక్కన పోయేవి బొగ్గు టిప్పర్లు, బూడిద లారీలు. గల్లీకి మూడు మీటర్ల కారే సరైనది. ఆ రోడ్డు మీద రాత్రిపూట బాపును కూర్చోబెట్టుకొని పోతున్నప్పుడు ఇంకొంచెం బానెట్ ఉంటే బాగుండు అనిపిస్తది. రెండూ నిజమే. రేవా నుంచి ఇప్పటిదాకా ప్రతి ఇంజనీరు కొట్లాడింది ఈ రెండు నిజాల మధ్యనే.

చివరికి బాపు ఒక మాట అన్నడు: "టియాగో తీసుకుందాం. మెట్టు కొట్టేద్దాం." ఆ మెట్టు మీద అమ్మ రోజూ సాయంత్రం కూర్చుంటది. పక్కింటి అత్తమ్మ వస్తది, ఇద్దరూ చిక్కుడుకాయలు తుంచుకుంటూ ముచ్చట పెడతరు. 416 మిల్లీమీటర్ల కోసం అది పోవాలి. అమ్మ ఏమనలేదు, లోపలికి పోయింది.

నేను ఆ రోజు పొద్దుపోయేదాకా ఆలోచించిన. మన ఊర్లలో ఇదే జరుగుతుంది కదా. కారు పెరిగిన ప్రతిసారీ ఏదో ఒక మెట్టు, ఒక అరుగు, ఒక వేపచెట్టు పోతుంది. కారును ఇంటికి సరిపడేలా చేయమని మనం అడగం, ఇంటినే కారుకు సరిపడేలా కొట్టుకుంటం. జపాన్‌లో గీత గీసి కారుకు చెప్పారు, ఇంతలోనే ఉండు అని. ఎలక్ట్రిక్ కార్లకు మన దగ్గర కూడా అట్లాంటి గీత ఒకటి, దాని పక్కనే గట్టి క్రాష్ టెస్టు ఒకటి పెడితే, చిన్నదీ భద్రమైనదీ రెండూ కలిసిన కారు చేయడానికి కంపెనీలకు ఒక కారణం దొరుకుతది. నా మటుకు నాకు ఈ ఇరవై ఏండ్ల చరిత్ర చెప్పింది ఇదే.

మేము ఇంకా కారు కొనలేదు. మెట్టు కూడా కొట్టలేదు. వచ్చే నెల దవాఖానకు కామెట్ టెస్ట్ డ్రైవ్ తీసుకొని పోదామని బాపును ఒప్పించే పనిలో ఉన్న. డీలర్ అంత దూరం ఇస్తడో లేదో అది వేరే ముచ్చట!

మీరు కారు కొనే ఆలోచనలో ఉంటే ముందు ఒక పని చేయండి. షోరూంకు పోయేముందు గేటు దగ్గరికి పోండి, టేపు పట్టండి. పొడవు, వెడల్పు, డోరు తీస్తే మనిషి దిగే సందు, మూడూ రాసుకోండి. బ్రోచర్‌లో వెడల్పు అద్దాలతో కలిపి ఇచ్చారా, అద్దాలు లేకుండానా అడగండి. ఆ సంఖ్యలు మాకు కూడా రాసి పంపండి, మన గల్లీలకు ఎంత కారు పడుతదో మనమే ఒక లెక్క తీద్దాం.

మళ్లీ కలుద్దాం. ఉంటా.